బంపరుకి వెండి అంచు

నా నవలల్లో విశేషణాలు ఎక్కువని విమర్శకులు దెప్పడం మామూలే. ఈసారి విమర్శించే వంతు నాది. అయితే చేతికి దొరికింది నవల కాదు, మా కారు వెనక బంపరు.

నవ్వకండి. ఆ కారు నాది. నలభై రెండో ఏట డ్రైవింగు నేర్చుకుని, సొంత డబ్బుతో వాయిదాల మీద కొనుక్కున్నాను. మూడో నెల్లోనే వెనక్కి తీస్తూ మా గేటు స్తంభానికి రాసేశాను. బంపరు మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా మెరిసే వెండి పట్టీ జానెడు మేర గీరుకుపోయి, లోపలి నలుపు బయటపడింది.

"దానికేం, పైన వెడల్పాటి క్రోమ్ గార్డు వేయిద్దాం. ఎవరికీ కనపడదు" అన్నారు మావారు.

ఆ 'ఎవరికీ' ఎవరో నాకు తెలుసు. ఆడవాళ్ళ డ్రైవింగు ఇంతే అనడానికి వీధిలో కాచుక్కూచున్న వాళ్ళు. అంచేత గార్డు వద్దన్నాను. ఉన్న పట్టీ కూడా తీసేస్తానన్నాను.

అసలు ఆ పట్టీ లోహమే కాదు. ప్లాస్టిక్కు మీద పల్చటి క్రోమ్ పూత. నా చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి వచ్చే అంబాసిడర్ బంపరు ఉక్కుది. బెంగాల్లో ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 2014 దాకా చేసిన బండి అది. ఆ బంపరు అద్దంలా మెరిసేది, దెబ్బలూ కాచేది. పిల్లలం దానిమీద ఎక్కి నిలబడి ఫొటోలు దిగేవాళ్ళం. తర్వాత వచ్చిన కొన్ని కార్లకి నల్లటి రబ్బరు పట్టీ ఉండేది. అందంగా ఉండదు గాని, గీతలన్నీ తనే భరించేది.

ఇప్పటి బంపరుకి కారు రంగే వేసి, పైన వెండి అంచు కూడా పెట్టారు. దెబ్బ తినడానికే పుట్టిన వస్తువు, గోరు తగిలితే లబలబలాడుతోంది. పట్టుచీర కట్టబెట్టి అంట్లు తోమమన్నట్టుంది. న్యాయంగా చెప్పాలంటే ప్లాస్టిక్కుని తప్పుపట్టలేం. అది తేలిక, వంగుతుంది, గట్టి దెబ్బ తగిలితే లోపలి దిమ్మె ఆపుకుంటుంది. నా తగువల్లా పైన అంటించిన మెరుపుతోనే.

ఆదివారం మా అబ్బాయి స్క్రూడ్రైవరు పట్టుకొచ్చాడు. "దాంతో కెలికితే రంగు లేచిపోతుందిరా" అని ముందు పట్టీ ఎలా అంటుకుందో చూశాం. కొన్ని కార్లకి లోపలినుంచి క్లిప్పులుంటాయి, బంపరు ఊడదీయందే రావు. మాది అదృష్టవశాత్తూ రెండువైపులా జిగురున్న టేపుతో అంటించింది. చుట్టూ రంగుకి కాగితం టేపు వేసి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయరుతో వెచ్చచేశాం. పట్టీ వెనక్కి గాలం దారం దూర్చి, ఇద్దరం చెరో కొసా పట్టుకుని రంపంలా లాగాం. ముప్పావు గంట పట్టింది. మిగిలిన జిగురుని మళ్ళీ వెచ్చచేసి బొటనవేలితో ఉండలు చుట్టి తీశాను.

పట్టీ పోయిన చోట రంగు కొత్తగా, చుట్టూ కాస్త వెలిసి కనిపించింది. వాచీ తీసిన మణికట్టు గుర్తొచ్చింది. గీత మాత్రం పట్టీతో పోలేదు. కింద రంగులోకీ దిగింది.

"చూశావా, అమ్మా! ఇంకా బాగా కనపడుతోంది" అన్నాడు వాడు.

నిజమే. కాసేపు నాకూ మనసు చివుక్కుమంది. రంగు లేచిన చోట కాస్త రుద్ది, ప్లాస్టిక్కుకి వేసే ప్రైమరూ, కారు రంగూ పల్చగా పూశాం. దూరంనుంచి తెలియదు, దగ్గరికొస్తే తెలుస్తుంది. వెలిసిన గుర్తు మీదుగా పాతకాలం తరహా సన్నటి నల్ల రబ్బరు పట్టీ అంటించాం. నంబరు ప్లేటు మీదకి గాని, ఎర్ర రిఫ్లెక్టర్ల మీదకి గాని పోనివ్వలేదు. రాత్రిపూట వెనక వచ్చేవాడికి మన ఉనికి చెప్పేవి అవి. పార్కింగు సెన్సర్లనీ కప్పలేదు. 2019 జూలైనుంచి కొత్త కార్లన్నిటికీ అవి తప్పనిసరి. అవుంటే స్తంభానికెలా రాశావని అడక్కండి. అవి కూశాయి, నేనే వినలేదు.

నా అభిప్రాయం ఇదీ. పనిచేసే వస్తువు మీద పనికి అడ్డురాని నగ ఎంతైనా పెట్టుకోవచ్చు. క్రోమ్ ఇష్టమైతే క్రోమే పెట్టుకోండి, కాదనను. కాని చేసిన పొరపాటు దాచడానికి పెట్టే నగ బరువే తప్ప అందం కాదు. ఈ మాట నా నవలలకీ వర్తిస్తుందని మావారు గుర్తుచేశారు. ఒప్పుకున్నాను.

సాయంత్రం మా అత్తగారు కారు చుట్టూ ఓసారి తిరిగి, "బోసిగా ఉందే" అన్నారు. ఆపైన, "రేపు గుడికి తీసుకెడతావా?" అని అడిగారు.

తీసుకెళ్ళాను. గేటు దగ్గర మాత్రం సెన్సరు కూత శ్రద్ధగా విన్నాను.