పుస్తకం మన భాషలో, ఉత్తరం ఎవరి భాషలో?

యానాం వీధుల్లో వినిపించేది తెలుగు. కానీ 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన సాగింది. ఇంట్లో, సంతలో తెలుగు. ప్రభుత్వ కచేరీలో పెద్దపీట ఫ్రెంచికి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి చిన్నతనంలో చదువుకున్న ఊరు కూడా అదే. అంతటి తెలుగు కవి పెరిగిన చోటే నోటి భాష ఒకటి, పని భాష ఒకటి.

పాపికొండల మీదుగా మన ఊళ్లను తాకుతూ దిగిన గోదావరి, గౌతమి పాయగా యానాం దాటి సముద్రంలో కలుస్తుంది. ఆ ఒడ్డున కూర్చుని మేము గురజాడ అప్పారావు ఉత్తరాల సంపుటం చదువుకున్నాం. గురజాడ, గిడుగు రామమూర్తి విజయనగరంలో కలిసి చదువుకున్న స్నేహితులు. పుస్తకాల్లో, బడిలో జనం మాట్లాడే తెలుగు ఉండాలని ఇద్దరూ పోరాడారు. అచ్చయిన పుస్తకంలో నిర్ణయం మాత్రమే కనిపిస్తుంది. ఆ నిర్ణయానికి ముందు జరిగిన తర్జనభర్జన, అనుమానం, అలసట ఉత్తరాల్లోనే కనిపిస్తాయి. రాసే ప్రతి ఒక్కరూ ఆ ఉత్తరాలు చదవాలని మేము చెప్పేది అందుకే.

అయితే ఒక విషయం దగ్గర మేము ఆగిపోయాం. గురజాడ ఉత్తరాలు ఎక్కువ భాగం ఇంగ్లీషులో రాసినవే. వాడుక తెలుగు కోసం నిలబడిన మనిషి, ఆ పోరాటం గురించి తోటివారితో చర్చించడానికి ఇంగ్లీషు వాడారు. ఇది ఎగతాళి చేయాల్సిన సంగతి కాదు. ఆ రోజుల్లో చదువు, ఉద్యోగం, వాదం అన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. చేతికి అలవాటైన భాష అది. భాషను ప్రేమించడం వేరు, ఆ భాషలో పని నడపడం వేరు అని ఆ ఉత్తరాలు మనకు చెప్పకనే చెబుతున్నాయి.

గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. సవరల దగ్గర వారి భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు. వాటిని 1911లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. సవర పిల్లలకు సవరలోనే పాఠం చెప్పాలన్నది ఆయన పట్టుదల. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఆయన రుణం మనం మరవకూడదు. కానీ ఆయనకు మాట నేర్పిన సవరలు ఏమనుకున్నారు? ఏ పదం దగ్గర కాదన్నారు? వారి చేతి ఉత్తరం ఒక్కటీ మా కంట పడలేదు. మన భాష పుస్తకానికెక్కింది, మన మాట ఉత్తరంలోకి రాలేదు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు గిడుగు రాజమహేంద్రవరం వచ్చేశారు. అదే ఏడు అటువైపు సవర కొండల్లో మంగేయి గొమాంగో తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. గిడుగు పని బయటినుంచి వచ్చిన ప్రేమ. గొమాంగోది లోపలినుంచి లేచిన పని. రెండూ కావలసినవే. కానీ రెండోదే మన చేతిలో ఉంది.

ఇప్పుడు మన సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు వచ్చాయి. మన యువకులు కోయలో, సవరలో పాటలు, కథలు పోగుచేస్తున్నారు. మరి ఆ పుస్తకం గురించి మనం ఫోన్‌లో పంపుకునే సందేశాలు ఏ భాషలో ఉన్నాయి? అట్ట ఎలా ఉండాలి, ఈ మాట ఉంచాలా తీసేయాలా, ప్రూఫు ఎవరు చూస్తారు అన్నీ తెలుగులోనే అడుగుతున్నాం. ఈ వ్యాసం కూడా తెలుగులోనే ఉంది. ఆ తప్పు ముందు మాదే. పుస్తకం మాత్రమే మన భాషలో ఉంటే అది దాచుకునే వస్తువవుతుంది. పని కూడా మన భాషలో నడిస్తే, అచ్చుతప్పుకు, పేజీకి, గడువుకు మన భాషలోనే మాటలు పుడతాయి.

ఉపాధ్యాయులకు మాదొక మనవి. ఈసారి పిల్లల చేత ఒక కథ రాయించి ఊరుకోకండి. ఆ కథ చదివిన మరో బడి పిల్లలు, ఏది బాగుందో ఏది అర్థం కాలేదో తమ భాషలో ఉత్తరం రాయాలి. మాట చెప్పిన అవ్వ పేరు, తాత పేరు ఆ ఉత్తరంలో ఉండాలి. ఏ లిపిలో రాసినా ఫరవాలేదు. ఆ ఉత్తరాలను బడి బీరువాలో భద్రంగా దాచండి. రేపు మన పుస్తకాల చరిత్ర రాసేవారు వాటినే అడుగుతారు.