బాయిలు లేని చరిత్ర

దేశానికి ముస్లింలు ఏమిచ్చారని ఎవరైనా ఎత్తిపొడిస్తే మేం తడుముకోం. గజల్, ఖయాల్, ఖవ్వాలీ అని వేళ్ళు మడిచి లెక్క చెబుతాం. ఆ లెక్కలో బేగం అఖ్తర్ పేరు తప్పకుండా ఉంటుంది. అదే మనిషి, "మరి మీ ఆడవాళ్ళు పాడొచ్చా?" అని అడిగితే మాత్రం మా గొంతు తగ్గుతుంది. వాళ్ళ సంగతి వేరు అంటాం. వాళ్ళు కోఠాల వాళ్ళు, షరీఫుల ఇళ్ళ వాళ్ళు కాదంటాం. గొప్ప చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు మావాళ్ళు. జవాబు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు పరాయివాళ్ళు.

ఈ తప్పు మా ఒక్కళ్ళదే కాదు. ఈ దేశపు సంగీత చరిత్ర రాసినవాళ్ళూ ఇదే చేశారు. పాటను లోపలికి తీసుకుని పాడిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టారు. వాళ్ళను నిలదీసే హక్కు మాకు రావాలంటే ముందు మా గుమ్మం సంగతి మేమే మాట్లాడుకోవాలి.

మన హైదరాబాదు నుంచే మొదలుపెడదాం. మౌలాలీ గుట్ట కింద ఒక సమాధి ఉంది. అది మహ్ లఖా బాయి చందాది. 1768లో పుట్టి 1824లో పోయిన మనిషి. పాడింది, ఆడింది, గజళ్ళు రాసింది, రెండో నిజాం వెంట యుద్ధానికీ వెళ్ళింది. జాగీర్లు పొందింది. ఈనాటి ఉస్మానియా, దాని పక్క విశ్వవిద్యాలయం ఉన్న నేలలో కొంత ఒకప్పుడు ఆమె జాగీరే. తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం కట్టించిన ఆవరణలోనే ఆమె కూడా పడుకుంది. తల్లి పేరు రాజ్ కున్వర్, కూతురి పేరు మహ్ లఖా. హిందువా ముస్లిమా అని ఇవాళ గిరి గీసి అడిగేవాళ్ళకు ఆ ఆవరణలో జవాబు దొరకదు.

ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలి స్త్రీ ఆమేనని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత 1797 నాటి లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దీవాన్ బయటపడింది. ఆమెదీ దక్కనే. తొలి పేరు ఎవరిదైనా సరే, ఆ నేల మీద చదువుకుని డిగ్రీలు పుచ్చుకున్న వేలమందిలో మహ్ లఖా పేరు విన్నవాళ్ళెందరు? ఉర్దూ పుట్టుక గురించి గంటలు ఉపన్యసించే మా పెద్దలు కూడా ఆమె దగ్గరికొచ్చేసరికి ఒక వాక్యంలో దాటేస్తారు. జాగీరును సర్కారు తీసుకుంది, పేరును మేం పోగొట్టాం.

ఇక గౌహర్ జాన్. 1873లో ఆజంగఢ్‌లో ఏంజెలినా యోవర్డ్‌గా పుట్టింది. తండ్రి ఆర్మీనియా జాతివాడు. తల్లిదండ్రులు విడిపోయాక తల్లీ బిడ్డా ఇస్లాం తీసుకున్నారు. తల్లి మల్కా జాన్ అయింది, కూతురు గౌహర్ అయింది. బనారస్‌లో కొన్నేళ్ళుండి కలకత్తా చేరారు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున గైస్‌బర్గ్ అనే దొర మైనపు పలకలు పట్టుకుని కలకత్తాకు వచ్చినప్పుడు ఆ భోంగా ముందు నిలబడి పాడిన మొదటి కొద్దిమందిలో ఆమె ఒకతె. పాట ముగియగానే తన పేరు తనే ఇంగ్లిషులో చెప్పుకునేది.

ఆ పేరు చెప్పుకోవడం గురించి ముచ్చటగా రాస్తారు. జర్మనీలో పలక తయారుచేసేవాళ్ళు గుర్తుపట్టడానికట అని ఒక ముక్కలో తేల్చేస్తారు. కారణం అదే కావచ్చు. మాకు అందులో ఇంకొకటి కూడా వినపడుతుంది. తండ్రి పేరూ మొగుడి పేరూ లేకుండా ఒక ఆడమనిషి తన పాట కింద తన పేరుతో సంతకం పెట్టడం అది. పెద్ద పెద్ద ఉస్తాదులు యంత్రానికి భయపడి, విద్య దొంగిలిస్తారని అనుమానపడి దూరంగా ఉన్న రోజులవి. గంటల తరబడి విస్తరించే రాగాన్ని మూడు నిమిషాల్లో ఎలా పట్టాలో ముందుగా తేల్చింది గౌహర్ జాన్, అలహాబాదు జానకీ బాయి, ఆగ్రా జోహ్రా బాయి వంటి ఆడవాళ్ళు. పదికి పైగా భాషల్లో సుమారు 600 పాటలు గౌహర్ జాన్‌వే ఉన్నాయంటారు.

దీని ఫలితం సంగీతానికే పరిమితం కాలేదు. అప్పటిదాకా మంచి పాట వినాలంటే దర్బారులో కుర్చీ ఉండాలి, లేదా కోఠా మెట్లెక్కే డబ్బుండాలి. ఈ పలకలతో పాట బజారులోకొచ్చింది. పరదా వెనకున్న ఆడవాళ్ళ దాకా కూడా వచ్చింది. పాటను ప్రజలకిచ్చిన గొప్పతనాన్ని మన చరిత్రకారులు తర్వాత తరపు పండితులకు కట్టబెట్టారు. పలకలో గొంతు పోసినవాళ్ళను నేపథ్యంలోకి నెట్టేశారు. గౌహర్ జాన్ చివరికి మైసూరు ఆస్థానంలో చేరి, 1930 జనవరిలో అక్కడే పోయింది.

వాళ్ళ ఆస్తుల సంగతి కూడా చూడాలి. 1858 నుంచి 1877 దాకా లక్నో పురపాలక పన్ను పుస్తకాలను వెతికిన వీణా తల్వార్ ఓల్డెన్‌బర్గ్ అనే చరిత్రకారిణికి తవాయిఫ్‌లు అందరికన్నా ఎక్కువ పన్ను కట్టేవాళ్ళ వరసలో కనపడ్డారు. సొంత ఇళ్ళు, తోటలు వాళ్ళ పేరు మీదే ఉన్నాయి. 1857 తిరుగుబాటుకు సాయం చేశారని ఇంగ్లిషువాళ్ళు ఆస్తులు జప్తు చేసినవాళ్ళ జాబితాల్లోనూ ఉన్నారు. ఆ తర్వాత సైనికుల ఆరోగ్యం పేరుతో వచ్చిన చట్టాలు ఈ కళాకారిణులను వైద్య పరీక్షలకు నిలబెట్టే ఆడవాళ్ళ కింద జమ కట్టాయి. విద్యావంతురాలిని వేశ్యగా మార్చిన మొదటి కలం సర్కారుది.

రెండో కలం సంస్కర్తలది. అది రెండు మతాల్లోనూ నడిచింది. తెలుగువాళ్ళకు ముద్దుపళని సంగతి తెలుసు. ఆమె 'రాధికా సాంత్వనము'ను వీరేశలింగం గారు స్త్రీలు వినదగనిదిగా తీసిపారేస్తే, తనూ ఆ కళావంతుల కులంలోనే పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పుస్తకం అచ్చు వేయించి జవాబిచ్చింది. సర్కారు నిషేధించింది. ఆ నిషేధం ప్రకాశం పంతులుగారి హయాంలో గానీ పోలేదు. మావైపు చూస్తే, ఆ కాలంలోనే 'బెహిష్తీ జేవర్' వంటి పుస్తకాలు మంచి ముస్లిం స్త్రీ ఎలా ఉండాలో నూరిపోశాయి. పెళ్ళి పాటలనూ ధోలక్‌నూ కూడా తప్పు పట్టాయి. ఆ పుస్తకాలు ఆడపిల్లకు చదువు చెప్పమన్నాయి, అది నిజం. ఆ చేత్తోనే గొంతు నొక్కమన్నాయి, అదీ నిజం.

షరీఫ్ అనే మాట ఇక్కడే విప్పి చూడాలి. మాలో షరీఫ్ అంటే గుణం కాదు, పుట్టుక. అష్రాఫులు పాట వింటారు, మీరాసీలు పాడతారు. వినేవాడికి మర్యాద, పాడేవాడికి ఎంగిలి కంచం. ఇస్లాంలో కులం లేదని మేం ఎంత గట్టిగా చెప్పుకున్నా, మీరాసీ పిల్లను కోడలిగా తెచ్చుకోమంటే తెలుస్తుంది. మతం వద్దంది కాబట్టి మా ఆడవాళ్ళు పాడలేదన్నది సగం నిజమే. కులం పోతుందని పాడలేదన్నది మిగిలిన సగం.

మూడో కలం స్వతంత్ర భారతానిది. 1946లో సర్దార్ పటేల్ సమాచార శాఖ చూస్తున్నప్పుడు, సొంత బతుకు బజారున పడ్డవాళ్ళకు రేడియోలో చోటు లేదనే నియమం వచ్చింది. నియమం మాటల్లో ఆడా మగా తేడా లేదు. దెబ్బ తగిలింది మాత్రం బాయిలకే. ఇద్దరు ముగ్గురిని పెట్టుకున్న ఉస్తాదు బతుకూ పండితుడి బతుకూ బజారున పడలేదు మరి! 1952 నుంచి పదేళ్ళు ఆ శాఖ ఏలిన బి.వి. కేస్కర్, ఉత్తరాది సంగీతం ముస్లింల చేతుల్లో పడి ఆధ్యాత్మికత పోగొట్టుకుని శృంగారానికి దిగజారిందని నమ్మినవాడు. ముస్లిం కావడం, ఆడది కావడం, బాయి కావడం. మూడు ముద్రలూ ఒకే మనిషి మీద పడ్డాయి.

అప్పుడు పేర్లు మారాయి. హిందూ గాయనులు దేవీలయ్యారు. ముస్లిం గాయనులు బేగంలయ్యారు. అఖ్తరీ బాయి ఫైజాబాదీ 1945లో లక్నో బారిష్టరు ఇష్తియాక్ అహ్మద్ అబ్బాసీని నిఖా చేసుకుంది. దాదాపు అయిదేళ్ళు పాడలేదు. పాడక జబ్బు పడింది. 1949లో లక్నో రేడియోకు తిరిగొచ్చాక బేగం అఖ్తర్ అయింది. ఇది అదే గొంతు, అదే తాలీమ్. బేగం అన్న మాట చేరాకే ఆమెను గౌరవించడానికి దేశానికీ మాకూ వీలు చిక్కింది. ఆమె గజల్ పాడుతుంటే తలలూపే మనం ఆ అయిదేళ్ళ మౌనం గురించి ఎన్నడైనా మాట్లాడామా? ఆమె పేరు నిలిపిన శిష్యురాళ్ళుగా మేం వినే పేర్లు శాంతీ హీరానంద్, అంజలీ బెనర్జీ, రీతా గంగూలీ. వాళ్ళకు మా సలాం. కానీ మా ఇళ్ళ నుంచి ఆమె దగ్గరికి పిల్లల్ని ఎందుకు పంపలేదన్న ప్రశ్న మమ్మల్ని పొడుస్తూనే ఉంటుంది.

పేరు మార్చుకోని మనిషి రసూలన్ బాయి. బనారసు ఠుమ్రీకి నిలువెత్తు గొంతు. 1948లో ముజ్రాలు మానేసి, కోఠా వదిలి సంసారంలోకి వెళ్ళింది. 1957లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. అయినా బాయిగానే ఉండిపోయింది. రేడియో స్టేషన్ గోడ మీద పటాలు చూసి, అందరూ దేవీలైపోయారు, బాయిని నేనొక్కతినే మిగిలానన్నదని చెప్పుకుంటారు. 1935లో ఆమె ఇచ్చిన ఒక రికార్డులో, తర్వాత అందరూ పాడే మాటకు బదులు వేరే మాట ఉంది. సబా దీవాన్ 2009లో తీసిన చిత్రం దాన్నే వెతుక్కుంటూ వెళ్ళింది. దెబ్బ తగిలిన చోటుగా శరీరాన్ని చెప్పే మాట పోయి, గుండెను చెప్పే మాట మిగిలింది. ఒక్క మాటే కదా అనుకోవచ్చు. ఒక ఆడది తన శరీరాన్ని తనే పాడుకునే హక్కు ఆ ఒక్క మాటతో పోయింది.

1969లో అహ్మదాబాదు మతకల్లోలాల్లో రసూలన్ బాయి ఇల్లు తగలబడింది. కృష్ణుడి మీద, హోలీ మీద, శ్రావణం మీద జీవితమంతా పాడిన గొంతు అది. ఇల్లు తగలబెట్టినవాళ్ళు ఆమె ఏం పాడిందో అడగలేదు, పేరు అడిగారు. అలహాబాదు చేరి బీదరికంలో 1974 డిసెంబరులో పోయింది. 2002లో అదే అహ్మదాబాదులో, ఆ ఊరిని ప్రేమించి రాసిన మన దక్కనీ కవి వలీ సమాధిని నేలమట్టం చేసి రోడ్డు వేశారు. ఈ మిశ్రమ సంస్కృతి గురించి సభల్లో తీయగా మాట్లాడే సెక్యులర్ మిత్రులకు ఒక మాట. ఆ సంస్కృతిని గొంతులో మోసిన మనిషికి అది ఒక తలుపును కూడా కాపాడలేకపోయింది. మేం ఆ సంస్కృతిని కాదనడం లేదు. దాని బరువు ఎవరు మోశారో, దాని లాభం ఎవరికి దక్కిందో లెక్క తేలాలంటున్నాం.

సినిమా ఈ లెక్కను ఇంకా మసక చేసింది. 1899లో మీర్జా రుస్వా రాసిన 'ఉమ్రావ్ జాన్ అదా'లో ఉమ్రావ్ చదువుకుంటుంది, కవిత్వం చెబుతుంది, తన కథ తనే నడుపుతుంది. 1972 నాటి 'పాకీజా'కు వచ్చేసరికి తవాయిఫ్‌కు మిగిలిన కోరిక డోలీ ఎక్కడమొక్కటే. 1981లో ఉమ్రావ్‌నూ తెర మీద కన్నీటి బొమ్మగానే గుర్తుంచుకున్నాం. 2024లో 'హీరామండీ' వచ్చి నగలు ఇంకా పెంచింది. రియాజ్ ఏది? ఉస్తాదు చేతి దెబ్బలేవి? కంపెనీతో బేరమేది? పాట ఒక పని అని, ఆ పనికి కూలి ఉందని ఒక్క సన్నివేశమైనా చెప్పదు. జాలిపడటం తేలిక. పనిని గౌరవించాలంటేనే చేతులు రావు.

కోఠాను స్వర్గమని మేం అనడం లేదు. అక్కడ కొనుక్కొచ్చిన పిల్లలున్నారు, నవాబు కాలికింద నలిగినవాళ్ళున్నారు. మహ్ లఖా ఒకతె జాగీర్దారయితే పేరు లేకుండా పోయినవాళ్ళు వందలమంది. ఆ బాధను దాచి గొప్పలు చెప్పడం ఇంకో మోసం. కానీ బాధను చూపించి విద్యను చెరిపేయడం కూడా మోసమే. ఈ రెండూ కలిపి చెప్పే చరిత్ర మాకు కావాలి.

ఇదంతా ఎక్కడో బనారసు, లక్నో గొడవ అనుకుంటే పొరపాటు. మా పెళ్ళిళ్ళలో ధోలక్ కే గీత్ పాడే నానీమాలు నిన్నమొన్నటిదాకా ఉన్నారు. హల్దీ రాత్రి సమధన్‌ను ఆటపట్టించే ఆ పాటల్లో దక్కనీ ఉర్దూ తెలుగు యాసతో కలిసి నవ్వేది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ధోలక్ అటక ఎక్కింది. బయట మమ్మల్ని అనుమానంగా చూసే కొద్దీ లోపల మేం ఇంకా షరీఫులుగా కనపడాలని ఆడపిల్లల గొంతు మీద మొదటి చేయి వేస్తున్నాం. మెజారిటీ వాళ్ళ దాడికి మేం కడుతున్న గోడలు ముందుగా మా చెల్లెళ్ళ మీదే కూలుతున్నాయి.

మా అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు మసీదు గురించి, బీదరికం గురించి, కల్లోలాల గురించి మాట్లాడుతున్నాం. మాట్లాడాలి. ఆ జాబితాలో ఈ బాయిలు కూడా ఉండాలి. బేగంగా మార్చి కాదు, కన్నీళ్ళ బొమ్మలుగా కాదు. మహ్ లఖా బాయిగా, రసూలన్ బాయిగా, ఆ పేర్లతోనే.

రేపు మా ఇంట్లో ఒక పిల్ల కూనిరాగం తీస్తుంది. ఎవరో ఒకరు, "ఏమే, కోఠా అనుకున్నావా?" అని గద్దిస్తారు. ఆ గద్దింపు మా నోటి నుంచి రాకుండా ఆపుకోగలిగిన రోజున బేగం అఖ్తర్ మావాళ్ళని చెప్పుకుందాం.