పేటెంటుకు గడువుంది, పేరుకు లేదు

సినిమా హాల్లో ప్రేక్షకుడి చుట్టూ వినిపించే సౌండ్ వెనుక రెండు రకాల హక్కులుంటాయి. శబ్దాన్ని అలా వినిపించే పద్ధతికి పేటెంటు, ఆ పద్ధతి చలామణి అయ్యే పేరుకూ గుర్తుకూ ట్రేడ్‌మార్కు. వరంగల్ గోడల మీది సినిమా పోస్టర్లపై కనిపించే డాల్బీ, డీటీఎస్ అనే సౌండ్ సంస్థల ముద్రలు రెండో రకానివి.

ఈ రెండు రకాల హక్కులూ పాత 35 ఎం.ఎం. ప్రింటులో పక్కపక్కనే ఉండేవి. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో వచ్చిన డాల్బీ డిజిటల్‌లో ఆరు చానళ్ల శబ్దాన్ని కుదించి, ఫిల్మ్ అంచు రంధ్రాల నడుమ చుక్కల గడులుగా ముద్రించేవారు. గడి మధ్యలో సంస్థ గుర్తు ‘డబుల్ డి’ ఉండేది. మరుసటి ఏడాది ‘జురాసిక్ పార్క్’తో వచ్చిన డీటీఎస్ శబ్దాన్ని సీడీల్లోకి మార్చి, ఫిల్మ్ మీద టైమ్‌కోడ్ మాత్రమే ఉంచింది. పేటెంటు కాపాడేది ఫలానా పద్ధతినే. చుట్టూ వినిపించాలన్న ఆలోచన ఎవరి సొత్తూ కాదు.

పేటెంటు గడువు తీరాక రాయల్టీ అడగవచ్చా? పీటర్ షైబర్ అనే సంగీతకారుడి సరౌండ్ సౌండ్ పేటెంట్ల మీద డాల్బీతో 1983లో మొదలైన వ్యాజ్యం రాజీతో ముగిసింది. ఆయన అమెరికా పేటెంట్ల గడువు 1993లో, కెనడా పేటెంటు గడువు 1995లో తీరాయి. చివరి పేటెంటు దాకా చెల్లిస్తామని ఒప్పుకున్న డాల్బీ, అమెరికా పేటెంట్లు ముగియగానే వాటి తాలూకు రాయల్టీ ఆపేసింది. 2002లో అమెరికా అప్పీలు కోర్టు డాల్బీ వైపే తీర్పునిచ్చింది. గడువు తీరిన పేటెంటుపై రాయల్టీ వసూలు చెల్లదంది.

భారత్‌లో పేటెంటు కాలం దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఆ తరవాత పద్ధతి అందరిదీ. ఉత్త గణిత సూత్రానికి, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంటు దొరకదు. ట్రేడ్‌మార్కు పదేళ్లకోసారి రుసుము కట్టి ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు. 2017 నిబంధనల ప్రకారం 30 సెకన్లకు మించని ధ్వనిని కూడా ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవచ్చు. ట్రేడ్‌మార్కును ఇలా పొడిగించుకునే వీలుంది కాబట్టే డాల్బీ డిజిటల్ మూల పేటెంట్లు 2017లో ముగిసినా, ఆ పేరు వాడాలంటే నేటికీ సంస్థ అనుమతి కావాలి.

వరంగల్ నుంచి వెళ్లే పేటెంటు, ట్రేడ్‌మార్కు దరఖాస్తులు రెండూ చెన్నై కార్యాలయాల పరిధిలోకే వస్తాయి. పేటెంటు కోరేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: పద్ధతిని నలుగురికీ చూపించే ముందే దరఖాస్తు చేయాలి. ముందే బయటపడితే దాని కొత్తదనం పోయినట్టే లెక్క. పేరుకు ఆ ఇబ్బంది లేదు, వాడుకలో ఉన్న పేరునూ నమోదు చేయించుకోవచ్చు.