కొత్త మెషీన్‌కి ఏ బ్రౌజర్?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల గానీ, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర గానీ నెట్ సెంటర్ నడుపుకునేవారికి ఇది అమెరికా కబురు కాదు. ఈసీ, అడంగల్, హాల్ టికెట్, పాస్‌పోర్ట్ దరఖాస్తు అన్నీ అయ్యేది బ్రౌజర్‌లోనే. పాత మెషీన్ విండోస్ 11ని మోయలేకపోతే కొత్తది కొనాలి. కొన్న మర్నాటి నుంచే ఏ బ్రౌజర్ మంచిదన్న వాదన మొదలవుతుంది. నా మటుకు నాకు ఆ ప్రశ్నే తలకిందులుగా కనిపిస్తుంది. ఈ ఎంపిక వాడేవాడి చేతిలో ఎప్పుడుంది గనక?

డిజిటల్ సంతకం సంగతే చూడండి. పెన్‌డ్రైవ్ లాంటి చిన్న టోకెన్, దానికో పిన్. టెండరు వేసే కాంట్రాక్టరుకైనా, ఆడిటరుకైనా అది లేనిదే పని జరగదు. ఆ టోకెన్‌తో మాట్లాడటానికి ప్రభుత్వ సైట్లు ఏళ్ల తరబడి యాక్టివ్ఎక్స్‌నో, జావా ఆప్లెట్‌నో నమ్ముకున్నాయి. మొదటిది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే నడిచేది. జావా ప్లగిన్‌కి క్రోమ్ 2015 సెప్టెంబర్‌లో తలుపు మూసేసింది, ఫైర్‌ఫాక్స్ 2017లో మూసింది. చివరికి 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌కే మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పింది. అయినా దాని నీడ పోలేదు. ఎడ్జ్‌లో ‘ఐఈ మోడ్’ అని ఒకటి పెట్టి, కనీసం 2029 దాకా ఉంచుతామన్నారు. పాత సైట్ల కోసం పాత బ్రౌజర్‌ని కొత్తదాని కడుపులో దాచారన్నమాట. వాడుకరి ఇష్టం ఇందులో ఏటుంది? సైటు ఏది తెరవమంటే అది తెరవడమే.

సైటు వదిలినా మెషీన్ వదలదు. కొత్త విండోస్‌లో ఎడ్జ్ ముందే కూర్చుని ఉంటుంది. దానితో క్రోమ్ దింపుకోబోతే, రెండూ ఒకే సాంకేతికత కదా, ఇక్కడే ఉండమని పైన ఒక పట్టీ బతిమాలుతుంది. 2021లో విండోస్ 11 వచ్చిన కొత్తలో డిఫాల్ట్ బ్రౌజర్ మార్చాలంటే ఒక్కో రకం ఫైలుకీ విడివిడిగా చెప్పాల్సి వచ్చేది. జనం గోల పెట్టాక, 2022లో ఒక్క బటన్ ఇచ్చారు. యూరప్‌లో 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీలు ఫోన్లలో బ్రౌజర్ల జాబితా చూపించి ఎంచుకోమనాలి. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కి 1,337 కోట్లకు పైగా జరిమానా వేసింది, ఫోన్ మొదటిసారి తెరిచేటప్పుడు సెర్చ్ ఇంజన్ ఎంచుకోనివ్వమంది. అది ఆండ్రాయిడ్ ఫోన్ల కేసు. మన బల్ల మీది కంప్యూటర్ దాకా రాలేదు.

రెండూ ఒకే సాంకేతికత అని ఎడ్జ్‌లో ఆ పట్టీ చెప్పేది అబద్ధం కాదు. ఒపెరా 2013లో, ఎడ్జ్ 2020లో క్రోమ్ వెనకున్న క్రోమియం ఇంజన్‌కే మారాయి. స్వదేశీ బ్రౌజర్ల పోటీలో 2025లో మొదటి బహుమతి గెలిచిన జోహో వారి ‘ఉలా’ కూడా దాని మీద కట్టిందే. విండోస్ వాడేవారికి వేరే ఇంజన్‌తో మిగిలిన పెద్ద బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ ఒక్కటే. అందరిదీ ఒకటే ఇంజన్ అయితే సైట్లు ఎక్కడైనా ఒకేలా తెరుచుకుంటాయి, మంచిదే కదా అంటారు. ఎక్స్‌ప్లోరర్ రాజ్యమేలిన రోజుల్లోనూ ఇదే సుఖం చెప్పారు. 2001లో ఆరో వెర్షన్ ఇచ్చి ఏడోదానికి 2006 దాకా ఆగారు. ఆ సుఖం ఖరీదే పైన చెప్పిన టోకెన్ల తంటా. ఇంకో రుజువు మరింత దగ్గరిది. విండోస్ 7 మెషీన్లకు క్రోమ్ 2023లో కొత్త వెర్షన్లు ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ మాత్రం 115వ వెర్షన్‌కి 2025లో కూడా భద్రతా సవరణలు ఇస్తూనే వచ్చింది. ఇంజన్ ఒక్కటే అయితే ఆ పాత మెషీన్లకి అప్పుడే దిక్కు లేకపోయేది.

పాత సైట్లన్నీ తిరగరాయాలంటే డబ్బెక్కడిది అన్న అభ్యంతరం ఉంది. సబబే. ఉన్నవాటిని ఒక్కరోజులో మార్చమని ఎవరూ అనరు. కానీ ప్రభుత్వ వెబ్‌సైట్లకు ఎన్‌ఐసీ తయారుచేసిన మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి, సైటుని ఒకటికి మించి బ్రౌజర్లలో పరీక్షించాలని అవి చెబుతూనే ఉన్నాయి. కొత్త టెండరు రాసే అధికారి ఆ షరతు చేర్చి, బిల్లు పాస్ చేసేముందు ఫైర్‌ఫాక్స్‌లో ఒకసారి తెరిచి చూస్తే కొత్తగా అయ్యే ఖర్చేమీ లేదు.

అందాకా మెషీన్‌లో రెండు ఇంజన్ల బ్రౌజర్లు పెట్టుకోండి. పాతది ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేముందు బుక్‌మార్కుల ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఏ బ్రౌజరైనా దాన్ని చదువుతుంది. పాస్‌వర్డ్‌ల ఫైలు కూడా అలాగే తీయొచ్చు. అయితే అందులో పాస్‌వర్డ్‌లన్నీ తెల్లకాగితం మీద రాసినట్టే కనిపిస్తాయి, కొత్త మెషీన్‌లోకి ఎక్కించిన మరుక్షణం చెరిపేయండి.