దొరకలేదంటే లేనట్టేనా?

కొత్తగా చేతికొచ్చిన ప్రోగ్రామును నేను మొదటి ఫైలు నుంచి చదువుకుంటూ పోను. ముందు గాలిస్తాను. ఏళ్ల తరబడి ఎందరో రాసిన కోడ్‌లో పాత పాస్‌వర్డు ఎక్కడైనా మిగిలిందా, తీసేయబోతున్న ఫంక్షన్‌ను ఇంకా ఎవరైనా వాడుతున్నారా అన్నవి కళ్లతో తేలేవి కావు. వెతకాల్సిన మాటలను ఒక ఫైల్లో వరసకొకటి చొప్పున రాసి, చిన్న షెల్ స్క్రిప్టుతో ఫోల్డరంతా చూస్తాను.

ఆ స్క్రిప్టు లోపల పనిచేసేది గ్రెప్ అనే వెతికే పనిముట్టు. దాన్ని 1973లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాశాడు. అక్కడే ఉన్న లీ మక్‌మాన్‌కు ఫెడరలిస్ట్ పేపర్స్ అనే పాత అమెరికన్ వ్యాసాల్లో ఏది ఎవరి రచనో మాటల వాడుకను బట్టి తేల్చాలని ఉండేదట. ఆ వ్యాసాలు అప్పటి ఎడిటర్‌లో పట్టలేదు. దాంతో ఎడిటర్‌లోని వెతికే భాగాన్ని థాంప్సన్ విడి పనిముట్టుగా చేశాడని అక్కడే పనిచేసిన బ్రయాన్ కెర్నిహాన్ చెబుతాడు. సాహిత్యపు అవసరం నుంచి ఇంత మంచి పనిముట్టు పుట్టిందంటే నాకు ఇప్పటికీ సంతోషమే.

గ్రెప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని నిజాయితీ. పని ముగిశాక స్క్రిప్టుకు ఒక అంకె తిరిగిస్తుంది: మాట దొరికితే 0, దొరక్కపోతే 1. ఫైలు చదవడమే కుదరకపోతే 2. ఈ 1కీ 2కీ ఉన్న తేడాను మన స్క్రిప్టులే చెరిపేస్తాయి. తెర శుభ్రంగా ఉండాలని తప్పుల సందేశాలను దాచేస్తాం. సున్నా కాని ప్రతిదానికీ 'లేదు' అని అచ్చు వేయిస్తాం. అనుమతి లేక తెరుచుకోని ఫోల్డరు కూడా అలా 'లేదు' ఖాతాలో పడిపోతుంది. ఫైలు పేరులో ఖాళీ ఉంటే లూపు ఆ పేరును రెండు ముక్కలు చేస్తుంది, అసలు ఫైలు జోలికే పోదు. ఇదే పనికి 2016లో వచ్చిన రిప్‌గ్రెప్ చాలా వేగంగా వెతుకుతుంది కానీ, చుక్కతో మొదలయ్యే ఫైళ్లను చెప్పకపోతే చూడదు. పాస్‌వర్డులు తరచూ ఉండేది అలాంటి ఫైళ్లలోనే.

కొన్నిసార్లు 1 వచ్చినా నమ్మలేం. యూటీఎఫ్-16 ఎన్‌కోడింగులో సేవ్ చేసిన ఫైల్లో మాట ఉన్నా మామూలు వెతుకులాటకు అందదు, తప్పూ చూపించదు. తెలుగులో ఇంకో చిక్కుంది. 'ఫైల్ పేరు' అని రాసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి కొందరి టైపింగులో చేరుతుంది, కొందరిలో చేరదు. తెరమీద రెండూ ఒకటే. గ్రెప్‌కు మాత్రం వేరు. తెలుగు అనువాదాల ఫైళ్లు సరిచేసేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

అందుకే అసలు వెతుకులాటకు ముందు, కచ్చితంగా ఉందని తెలిసిన మాటను వెతికిస్తాను. అది పట్టుబడకపోతే ఆ స్క్రిప్టు చెప్పే మరే మాటా నమ్మను. మీరూ స్క్రిప్టు చివర రెండు వరసలు చేర్చండి: ఎన్ని ఫైళ్లు చూసింది, ఎన్నింటిని చూడలేకపోయింది. ఆ రెండు అంకెలు చూశాకే కోడ్ తీసేయండి.