సెగకు ఓర్చిన ఆకు: వుయీ కొండల రాతి తేయాకు

చైనా ఆగ్నేయాన ఉన్న ఫుజియన్ ప్రావిన్సు ఉత్తర కొసన, ఎర్రటి ఇసుకరాతి కొండలు నిట్టనిలువుగా లేచి వాటి నడుమ తొమ్మిది వంపుల వాగు పారే వుయీ పర్వత ప్రాంతంలో పండే ఊలాంగ్ తేయాకుకు యెన్‌చా, అంటే రాతి తేయాకు, అని పేరు. రాళ్లు అరిగి ఏర్పడిన గుల్ల నేల, లోయ గోడల వల్ల రోజులో కొద్ది గంటలే తగిలే ఎండ, రాతి సందుల్లోంచి ఊరే నీటి చెమ్మ ఈ పొదలకు ఆధారం. న్యూలాన్‌కెంగ్, హ్వేయువాన్‌కెంగ్ వంటి ఇరుకు లోయల ఆకుకు పలికే ధర బయటి మైదానపు ఆకుకు పలకకపోవడానికి అక్కడివారు ఈ నేలనే కారణంగా చూపుతారు. అది నిజమే కానీ సగమే నిజం. ఎంత మంచి నేలలో పెరిగిన ఆకైనా బొగ్గుల సెగ దగ్గర కూర్చున్న మనిషి చేతిలో పడితే గాని రాతి తేయాకు కాదు.

ఊలాంగ్ అనేది పచ్చి ఆకు గుణం పోని గ్రీన్ టీకీ, పూర్తిగా ఆక్సీకరణం చెందిన నల్ల తేయాకుకూ నడుమ నిలిచే రకం. అస్సాం, డార్జిలింగ్ తోటల్లో రెండాకులూ ఒక మొగ్గా గిల్లడం ఆనవాయితీ కాగా, వుయీలో మొగ్గ విచ్చుకుని ఆకుగా మారేదాకా ఆగి, సుమారుగా ఏప్రిల్ చివరి నుంచి మే నడిమి వరకు, మూడు నాలుగు ముదురాకులున్న రెమ్మను కోస్తారు, ఎందుకంటే లేత మొగ్గ తరువాత జరిగే మోటు పనికి తట్టుకోలేదు. కోసిన ఆకును ఎండలో కాసేపు వాడబెట్టి, ఆపైన రాత్రంతా వెదురు తట్టల్లో పోసి కుదపడం, ఆరబెట్టడం, మళ్లీ కుదపడం సాగిస్తారు. జ్వోచింగ్ అనే ఈ దశలో ఆకుల అంచులు ఒకదానికొకటి రాసుకుని నలిగి ఎర్రబడతాయి, నడిమి భాగం పచ్చగానే ఉండిపోతుంది. మూడు పాళ్లు ఎరుపు, ఏడు పాళ్లు పచ్చ అన్నది అక్కడి వారు చెప్పుకునే కొలత. ఆ పాళం కుదిరిన క్షణాన ఆకును కాగిన బాణలిలో వేసి ఆక్సీకరణాన్ని ఆపి, నలిపి మెలిపెట్టి ఆరబెడతారు. ఇలా తయారయ్యేది మావ్‌చా, అంటే ఇంకా పని మిగిలి ఉన్న ముడి తేయాకు. దీనిలోంచి కాడలనూ పసుపుబారిన ఆకులనూ ఏరివేశాక అసలైన కాల్పు మొదలవుతుంది.

నేలలో తవ్విన గుంటలో గట్టి చెక్క బొగ్గును రాజేసి, మంటా పొగా పూర్తిగా చల్లారి నిప్పు మాత్రమే మిగిలాక, దాని మీద బూడిద కప్పుతారు. సెగను ఎక్కువ తక్కువ చేసే సాధనం ఈ బూడిద పొరే: పలచన చేస్తే వేడి పెరుగుతుంది, దట్టం చేస్తే తగ్గుతుంది. నడుము సన్నగా ఉండే వెదురు బుట్టను గుంట మీద నిలిపి, ఆ నడుము దగ్గర అమర్చిన జల్లెడలో ఆకు పరిచి, గంటల తరబడి ఉంచుతారు. ఆకును తిరగేయాల్సి వచ్చినప్పుడు మాత్రం బుట్టను గుంట మీది నుంచి పక్కకు తీసి ఆ పని చేస్తారు, ఎందుకంటే రాలిన నుసి నిప్పుల మీద పడితే లేచే పొగ మొత్తం ఆకుకు పట్టేస్తుంది. ఒకసారి కాల్చి, కొన్ని వారాలు ఆగి, లోపలి చెమ్మ పైకి తేలాక మళ్లీ కాల్చడం వల్ల సెగ ఆకు నడిమి దాకా దిగుతుంది.

ఈ కాల్పులో జరిగేది వట్టి ఆరబెట్టడం కాదు. ఆకులోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి కొత్త సువాసన పదార్థాలుగా మారతాయి. వేరుసెనగలు వేగేటప్పుడు ఇల్లంతా కమ్ముకునే వాసన కూడా ఈ మైలార్డ్ చర్య ఫలితమే. వగరు పుట్టించే కాటెకిన్లు కొంత తగ్గి, నీటి రంగు నారింజ నుంచి ముదురు తేనె వన్నెకు తిరుగుతుంది. నిండా కాలిన ఆకును నీటిలో విప్పి వేలితో తడిమితే వీపున సన్నని బొబ్బలు తగులుతాయి; చైనీయులు దీన్ని కప్పవీపు అంటారు. సెగ ఒక మెట్టు మించితే ఆకు బొగ్గయిపోతుంది, ఆ తప్పును దిద్దే ఉపాయం లేదు. ఇప్పుడు విద్యుత్ పొయ్యిలు విరివిగా వచ్చాయి, వాటిలో కాల్చిన మంచి తేయాకూ ఉంది. అయితే నాసి ఆకు లోపాలను మాడు వాసన కింద దాచే వ్యాపారం ఏ పొయ్యి మీదనైనా సాగుతూనే ఉంది.

కాల్చిన వెంటనే తాగితే నాలుకకు నిప్పు రుచే తెలుస్తుంది. అందుకే వసంతంలో కోసిన ఆకును శరదృతువు దాకా, గట్టిగా కాల్చినదైతే ఇంకా ఎక్కువ కాలం, మూతబెట్టి ఆగడం రివాజు. దీన్ని నిప్పు దిగడం అంటారు.

చింగ్ వంశ కాలపు కవి, భోజనప్రియుడు యువాన్ మే వుయీ తేనీరు మందులా చేదుగా ఉంటుందని మొదట ఇష్టపడలేదు. 1786లో ఆ కొండలకు వెళ్లినప్పుడు అక్కడి సన్యాసులు అక్రోటు కాయంత గిన్నెల్లో, చిన్న కూజా నుంచి పోసి ఇవ్వగా అభిప్రాయం మార్చుకున్నట్టు తన వంటల పుస్తకంలో రాశాడు. నేడు గోంగ్‌ఫు పద్ధతి అని పిలిచే తీరుకు ఇది పాత సాక్ష్యాల్లో ఒకటి. ఎక్కువ ఆకు, తక్కువ నీరు, తక్కువ సమయం అన్నదే దీని సారం. గైవాన్ అనే మూత గల పింగాణీ గిన్నె సుమారు 110 మిల్లీలీటర్లు పట్టేదైతే, 8 గ్రాముల ఆకు వేయడం వుయీలో మామూలు. ముందు గిన్నెను వేడినీటితో కాచి, నీరు వంపి, ఆకు వేసి మూతపెట్టి ఒకసారి కుదిపి వాసన చూస్తే కాల్పు ఎలాంటిదో అక్కడే సగం తెలిసిపోతుంది. నీరు తెర్లుతూ ఉండాలి. నీటిని కొంత చల్లార్చి పోయాలని గ్రీన్ టీకి చెప్పే జాగ్రత్త ఇక్కడ వర్తించదు, చల్లారిన నీటికి ఈ ఆకు లోపలి రుచిని వదలదు. తొలి పోతలకు పది సెకన్ల లోపే చాలు, పోను పోను కొంచెం కొంచెంగా పెంచుతూ ఏడెనిమిది సార్లు తీయవచ్చు, ప్రతిసారీ గిన్నెలో చుక్క మిగలకుండా వంపేయాలి. పాలూ చక్కెరా కలిపే టీకి అలవాటుపడిన వారికి ఆ గుక్కెడు గిన్నె పిసినారితనంలా తోచవచ్చు, కానీ పాలు పోస్తే అన్ని నెలల శ్రమ దాని కింద అణగిపోతుంది. ఇందుకు భిన్నంగా, చైనాలో ఊలాంగ్ నాణ్యతను పరీక్షించేవారు 5 గ్రాముల ఆకును 110 మిల్లీలీటర్ల నీటిలో వరుసగా రెండు, మూడు, ఐదు నిమిషాలు నానబెడతారు. రుచి కోసం కాదు, ఆకు దోషాలు బయటపడడం కోసం.

వాసనను మూత కింద ఒకసారి, తేనీటిలో ఒకసారి, తాగేసిన గిన్నె అడుగున ఇంకొకసారి చూస్తారు. దాల్చినచెక్కను తలపించే ఘాటు రోగ్వీ రకానిది, ఆర్కిడ్ పూల వాసనా చిక్కదనమూ ష్వేషియెన్ రకానివి. రెండింటిలోనూ వెదికేది యెన్‌యున్, అంటే మింగాక గొంతులో చాలాసేపు నిలిచే రాతి గుణం, దాని వెంట ఊరే తీపి.

రాతి తేయాకుల్లో దా హోంగ్ పావ్ పేరు విననివారు తక్కువ. జ్యూలోంగ్‌కె లోయ గోడ మీద మిగిలిన ఆరు తల్లి పొదల నుంచి 2005లో చివరిసారి కోసిన ఆకులో 20 గ్రాములు 2007లో చైనా జాతీయ మ్యూజియానికి చేరాయి, 2006 నుంచి వాటిని కోయడం ఆపేశారు. అంగళ్లలో ఆ పేరుతో దొరికేది ఎక్కువగా రెండు మూడు రకాల మిశ్రమం. దాన్ని మోసంగా చూడనవసరం లేదు, ఒక్కో రకాన్ని వేరువేరుగా కాల్చి కలపడం కూడా విద్యే. 2022లో యునెస్కో చైనా తేయాకు తయారీ విద్యలను మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు వుయీ రాతి తేయాకు తయారీ నైపుణ్యమూ అందులో ఉంది.

కొన్న ఆకును గాలీ చెమ్మా తగలని డబ్బాలో ఉంచితే ఏళ్ల తరబడి నిలుస్తుంది, కాలం గడిచేకొద్దీ పూల వాసన తగ్గి ఎండుపండ్ల రుచి పెరుగుతుంది. చెమ్మ పట్టి పులుపు తేలితే సన్నని సెగ మీద తిరిగి కాల్చడం ఆచారంలో ఉంది, అయితే ప్రతి కాల్పూ కొంత సువాసనను వెంట తీసుకుపోతుంది కనుక, ఏటేటా అలా కాల్చిన పాత తేయాకులో చివరికి మిగిలేది నిప్పు రుచి ఒక్కటే.