ఏడు పక్కన ఎనిమిది

నారాయణగూడ చౌరస్తా దగ్గర మనవరాలికని కొన్న అంకెల బొమ్మల పుస్తకం ఈ వారం నాకు బీపీ పెంచింది. దళసరి అట్ట, మెరిసే కాగితం, కళ్లు చెదిరే రంగులు. తీరా చూస్తే ఏడు అంకె ఎదురుగా మామిడిపళ్లు ఎనిమిది! వేసినవాడు లెక్కపెట్టలేదు, అమ్మినవాడు తెరిచి చూడలేదు. నేను ఎక్కాల పక్షమని పాత పాఠకులకు తెలుసు. పదమూడో ఎక్కం రాని ఇంజినీర్ల మీద ఇక్కడ ఎన్నిసార్లు విరుచుకుపడ్డానో కూడా గుర్తుండే ఉంటుంది. బొమ్మలతో లెక్కలేమిటని ఈసారి దుమ్ము దులుపుదామనే కూర్చున్నాను.

అయితే ఆ తప్పు పట్టింది నాలుగేళ్ల పిల్ల. ఒకటి నుంచి ఇరవై దాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతుంది గానీ, పళ్లెంలో జీడిపప్పులు ఎన్నంటే ఒకే పలుకుని రెండుసార్లు లెక్కేసేది. ఒక్కో వస్తువుకి ఒక్కో అంకె చెప్పుకుంటూ పోయి, ఆఖర్న పలికిందే మొత్తమని తెలుసుకుంటే గదా లెక్క వచ్చినట్టు! అంతవరకూ అది పాటే. ఆ రోజు మాత్రం ప్రతి పండు మీదా వేలు ఆనించింది. "తాతయ్యా, బుక్కే తప్పు" అంది. నానమ్మని సాక్ష్యానికి పిలిచింది. ఇప్పుడు ఇంట్లో ఏ పుస్తకాన్నీ వదలడం లేదు.

మాకు చిన్నప్పుడు ఈ పని అష్టాచెమ్మా చేసిపెట్టింది. చిక్కడపల్లి ఇంట్లో నాపరాళ్ల మీద సుద్దతో అయిదు వరసల గళ్లు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే నాలుగు, చెమ్మ. నాలుగూ బోర్లా పడితే ఎనిమిది, అష్ట. కాయ ఉన్న గడి వదిలేసి పక్క గడి నుంచే లెక్కపెట్టాలి. స్కూల్లో కూడికలు అంటే ఏమిటో తెలియకముందే మాకది వచ్చేసింది. ఎందుకు వచ్చిందీ? మా బాబాయి తొండి ఆడేవాడు. మూడు పడితే నాలుగు గళ్లు జరిపి, ఏమీ ఎరగనట్టు గవ్వలు పక్కవాడికి అందించేవాడు. కళ్లు అప్పగించి ఆయన వేలినే చూసేవాళ్లం. మాకు లెక్క నేర్పింది అనుమానం, తగువు.

బొమ్మల పుస్తకాల్లో మేటి అని అందరూ చెప్పేది జపాన్ చిత్రకారుడు మిత్సుమాసా అన్నో 1975లో వేసిన లెక్కల పుస్తకం. సున్నాకి ఖాళీ మంచుమైదానం; పేజీ పేజీకీ ఇళ్లు, చెట్లు, మనుషులు పెరుగుతూ పన్నెండు దాకా. కథ చెప్పే మాట ఒక్కటీ ఉండదు. గొప్పదే. కానీ నా ఓటు పాట్ హచిన్స్ 1986 నాటి 'ది డోర్‌బెల్ ర్యాంగ్'కి. బిస్కెట్లు పన్నెండు, పిల్లలు ఇద్దరు. తలా ఆరు. బెల్లు మోగుతుంది, ఇంకో ఇద్దరు. తలా మూడు. మళ్లీ బెల్లు! వాటా తగ్గినప్పుడల్లా వినే పిల్ల మొహం చూడాలి.

అశోక్‌నగర్‌లో కోచింగు తీసుకుని, మా లైబ్రరీ కుర్చీల్లో పొద్దంతా శాతాలతో కుస్తీపట్టే గ్రూప్స్ కుర్రాళ్లకి ఎక్కాలు కావాలి, సందేహం లేదు. నాలుగేళ్లకి కావలసింది తగువు. తెలుగులో ఎవరైనా రాయండి: పూతరేకులు ఆరు, పిల్లలు నలుగురు. ఆఖరి పేజీలో జవాబు మాత్రం వేయకండి.